సొరుగున్న టీపాయ్ ఇంట్లోనే చేసుకోవడం: కొలతల నుంచి పాలిష్ దాకా

టీపాయ్ ఎలా చేయాలని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది సొరుగు దగ్గరే. కాళ్లు, పై పలక బాగానే వస్తాయి, సొరుగు మాత్రం సగం దాకా వెళ్లి బిగుసుకుంటుంది, లేదంటే ఒక మూల లేచి కనిపిస్తుంది. చాలాసార్లు కారణం ఒకటే: కాగితం మీద రాసుకున్న కొలతలు చూసి అన్ని ముక్కలూ ఒకే రోజు కోసేయడం.

నా మొదటి టీపాయ్‌కి నేనూ అదే చేశాను. 340 మి.మీ. రావాల్సిన లోపలి వెడల్పు ఫ్రేమ్ బిగించేసరికి 337 వచ్చింది, అప్పటికే సొరుగు పెట్టె ఫెవికాల్ పెట్టి అతికించేశాను, ఆ మూడు మిల్లీమీటర్ల కోసం పెట్టె మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. అందుకే ఇందులో వరస ముఖ్యం. ముందు ఫ్రేమ్, తర్వాత ఆ ఫ్రేమ్‌ని కొలవడం, ఆ తర్వాతే సొరుగు కోయడం.

ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు పెట్టుకుంటే మూడు నాలుగు వారాల పని.

## 1. ముందు కొలతలు

మన వడ్రంగులు అంగుళాలు, సూత్‌ల్లో మాట్లాడతారు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. చెక్క కొనేటప్పుడు ఆ లెక్కలోనే మాట్లాడండి, ఇంటికొచ్చాక మాత్రం మిల్లీమీటర్లకి మారండి. సొరుగు దగ్గర ఒక్క మిల్లీమీటరు కూడా లెక్కకొస్తుంది, సూత్‌ అంటే మూడు మిల్లీమీటర్ల పైమాటే.

టీపాయ్ 900 పొడవు, 500 వెడల్పు, 420 ఎత్తు. సోఫా సీటు ఎత్తుకి ఇది సరిపోతుంది. సొరుగు పొడవు వైపు కాకుండా పొట్టి వైపు తెరుచుకునేలా పెడుతున్నాను. మన ఫ్లాట్ల హాల్లో సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర కూడా ఉండదు, అటు వైపు సొరుగు లాగితే మోకాళ్లకి తగులుతుంది. పైగా వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న సొరుగు లాగేటప్పుడు వంకరగా తిరుగుతుంది. సన్నగా, లోతుగా ఉన్నది తిన్నగా వస్తుంది.

మొదటి రోజు కోయాల్సినవి (అన్నీ మిల్లీమీటర్లలో):

- పై పలకకి: 920 × 125 × 20, నాలుగు. అతికించాక 900కి కోస్తాం
- కాళ్లు: 400 × 50 × 50, నాలుగు
- పొడవు పట్టీలు: 720 × 120 × 20, రెండు
- వెనక అడ్డపట్టీ: 340 × 120 × 20, ఒకటి
- ముందు అడ్డబద్దలు: 340 × 30 × 20, రెండు (సొరుగుకి పైన ఒకటి, కింద ఒకటి)
- పై పలకని పట్టి ఉంచే సన్నబద్దలు: 20 × 20 మందం, పొడవు వైపులకి 600వి రెండు, వెనక వైపుకి 250ది ఒకటి

సొరుగు ముక్కలు ఈ జాబితాలో లేవు. కావాలనే రాయలేదు.

## 2. చెక్క ఎక్కడ, ఏది

టేకు బాగుంటుంది, కానీ మొదటి టీపాయ్‌కి అంత ఖర్చు అక్కర్లేదు. కొత్తవాళ్లకి నేను చెప్పేది పైన్ లేదా రబ్బర్‌వుడ్. పైన్ మెత్తన, రంపానికి సులువు, కాకపోతే గోరు గుచ్చినా గుంట పడుతుంది. రబ్బర్‌వుడ్ గట్టిది, చిన్న ముక్కలు అతికించిన బోర్డుగా దొరుకుతుంది, ఆ బోర్డు 18 మి.మీ.ది తీసుకుంటే పై పలక అతికించే పనే ఉండదు, ఎత్తు 2 మి.మీ. తగ్గుతుంది అంతే.

పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దర్వాజాలు, కిటికీ చట్రాలు దొరికితే వదలకండి. ఏళ్ల తరబడి ఎండిన చెక్క, ఇక పెద్దగా వంగదు. కోసే ముందు అంగుళం అంగుళం అయస్కాంతం తిప్పి మేకులు వెతకాలి. పైకి కనిపించని ఒక్క తుప్పు మేకు చాలు రంపం పాడవడానికి.

హైదరాబాద్‌లో కొత్త చెక్కకి ముషీరాబాద్ వైపు టింబర్ డిపోలు, చానళ్లు (సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే లోహపు పట్టాలు), స్క్రూలు, పనిముట్లకి రాణిగంజ్ లేదా బేగంబజార్. ఈ టీపాయ్‌కి చిత్రిక పట్టకముందు కొలతల్లో దాదాపు ఒక సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) చెక్క పడుతుంది, తరుగుతో కలిపి ఒకటింపావు తీసుకోండి. లెక్క మీరే వేసుకోవచ్చు: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో, మూడూ గుణించి 144తో భాగించాలి.

డిపోలో చూసుకోవాల్సినవి:

- పలక ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. విల్లులా వంగింది, మెలి తిరిగింది వద్దు
- చివర్లలో పగుళ్లు ఉంటే ఆ మేర పొడవు మీకు రానట్టే
- సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలా పొడి కనిపిస్తే పురుగు ఉంది. ధర తగ్గించినా తీసుకోకండి
- పచ్చి చెక్క బరువుగా, పట్టుకుంటే చల్లగా ఉంటుంది. రెండు పలకలు చేతుల్లోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది

25 మి.మీ. మందం పలక కొని, అక్కడే మిషన్ మీద చిత్రిక పట్టించి 20కి తెప్పించండి. కాళ్లు కూడా 50కి. పెద్ద కోతలు అక్కడే అయిపోతే ఇంట్లో మోత, దుమ్ము సగం తగ్గుతాయి, పక్క ఫ్లాట్ వాళ్లతో మాట పడే టెన్షన్ ఉండదు.

## 3. పనిముట్లు

- టేపు, స్టీలు స్కేలు, మూలమట్టం, సన్నగా చెక్కిన పెన్సిల్
- డ్రిల్ మిషన్. చెక్క బిట్లు 3, 5, 6, 8 మి.మీ.
- పళ్లు సన్నగా ఉన్న చేతి రంపం, చిన్న చిత్రిక, ఉలి, కొయ్య సుత్తి
- క్లాంపులు నాలుగు, కనీసం మూడడుగుల నోరు తెరిచేవి రెండు
- 8, 6 మి.మీ. డోవెల్స్ (గుండ్రటి కొయ్య మేకులు), వాటి గుర్తులు పెట్టే ఇత్తడి బిళ్లలు
- ఫెవికాల్. తడి తగిలే అవకాశం ఎక్కువ ఉంటే మెరైన్ రకం
- బాల్ బేరింగ్ చానల్ 18 అంగుళాలది, ఒక జత
- 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క
- సాండ్ పేపర్ 80, 120, 180, 240, 320 నంబర్లు, మాస్కు, కళ్లద్దాలు

వీటిలో మూలమట్టం మీద పిసినారితనం వద్దు. కొనేటప్పుడే పరీక్షించండి: తిన్నని అంచున్న పలక మీద పెట్టి గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటి కాకపోతే ఆ మట్టం తప్పు.

## 4. రెండు వారాలు ఆగండి

చెక్క ఇంటికి తెచ్చిన రోజే కోయకండి. హాల్లోనో పడకగదిలోనో, టీపాయ్ ఉండబోయే గాలిలోనే, పలకల మధ్య సన్నటి బద్దలు అడ్డంపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చండి. నాలుగు పక్కలా గాలి ఆడాలి. పది పదిహేను రోజుల్లో వంగేది ఏదైనా ఉంటే ఇప్పుడే వంగుతుంది. వానాకాలంలో కొంటే ఇంకో వారం కలపండి. ఈలోగా చానల్ కొనుక్కోండి, ప్యాకెట్ విప్పి అది ఎలా విడిపోతుందో చూడండి.

## 5. పై పలక అతికించడం

నాలుగు పలకలూ పక్కపక్కన పెట్టి వాటి చివర్లు చూడండి. చెట్టు వలయాలు వంపుగా కనిపిస్తాయి. ఒక పలక వంపు పైకి ఉంటే పక్కది కిందికి ఉండేలా మార్చి మార్చి పెట్టండి. అన్నీ ఒకే వైపు ఉంటే పలక మొత్తం దోనెలా వంగుతుంది.

తర్వాత అంచులు. రెండు పలకల అంచులు కలిపి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో ఎక్కడైనా వెలుగు కనిపిస్తుందా? కనిపిస్తే అక్కడ కాదు, వెలుగు రాకుండా ఆనుకున్న ఎత్తుల దగ్గర చిత్రిక రెండు సార్లు లాగండి, మళ్లీ చూడండి. వెలుగు పూర్తిగా పోయాకే ఫెవికాల్ డబ్బా తెరవాలి. సందుని క్లాంపుతో నొక్కి మూసేస్తే ఆ రోజుకి మూసుకుంటుంది, ఎండాకాలం రాగానే అక్కడే తెరుచుకుంటుంది.

అంచుకి పలచగా, ఎక్కడా వదలకుండా ఫెవికాల్ రాసి, క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేయండి. ఆవగింజల్లాంటి చుక్కలు వరసగా బయటికొస్తే బిగింపు సరిపోయినట్టు. అస్సలు రాకపోతే జిగురు తక్కువైంది, ధారగా కారితే ఎక్కువైంది. చుక్కల్ని తడిగుడ్డతో రుద్దకండి, అరగంట ఆగి రబ్బరులా అయ్యాక ఉలితో లేపేయండి. తడిగా తుడిస్తే జిగురు చెక్కలోకి దిగి పాలిష్ వేశాక తెల్లటి మచ్చలా కనిపిస్తుంది.

రాత్రంతా వదిలేయండి. మర్నాడు 900కి కోసి, 80 నంబరు సాండ్ పేపర్‌తో మట్టం చేయండి.

## 6. డోవెల్ రంధ్రాలు

ఇక్కడ తొందరపడితే ఫ్రేమ్ మొత్తం వంకర.

ప్రతి కాలికీ ఫ్రేమ్ లోపలి వైపు వచ్చే రెండు ముఖాల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, "ముందు ఎడమ", "వెనక కుడి" అని తల మీద రాయండి. కొలతలన్నీ ఆ లోపలి ముఖాల నుంచే తీసుకోవాలి. పట్టీ లోపలి ముఖమూ కాలి లోపలి ముఖమూ ఒకే మట్టంలో ఉండాలి, ఎందుకంటే మన చానల్ కాలి మీదా పట్టీ మీదా అడ్డంకి లేకుండా కూర్చునేది అక్కడే. పట్టీని కాలి మధ్యలో పెడితే చానల్ వెనక చెక్క ముక్కలు ఎత్తుపెట్టాల్సి వస్తుంది.

పొడవు పట్టీలకి డోవెల్ మధ్య బిందువులు పైనుంచి 35, 85 దగ్గర. వెనక అడ్డపట్టీకి 15, 105 దగ్గర. ఈ తేడా ఎందుకంటే, ఒకే కాలిలోకి రెండు వైపుల నుంచి రంధ్రాలు వస్తాయి, ఎత్తులు ఒకటే అయితే లోపల రెండూ ఢీకొంటాయి, ఒక డోవెల్ కొట్టాక రెండోది సగంలో ఆగిపోతుంది. ముందు అడ్డబద్దలకి రెండు చివర్లా 6 మి.మీ. డోవెల్స్ రెండేసి, బద్ద అంచుల నుంచి 8 మి.మీ. లోపలికి. ఈ బద్దలు 30 వైపు పడుకునేలా, కాలి ముందు ముఖం కంటే 20 మి.మీ. వెనక్కి ఉండాలి, ఆ చోటులో సొరుగు ముందు పలక కూర్చుంటుంది. పై బద్ద కాలి తలతో సమానంగా, కింది బద్ద పట్టీల కింది అంచుతో సమానంగా.

40 మి.మీ. డోవెల్‌కి రెండు వైపులా 21, 22 లోతు. బిట్‌కి ఆ లోతు దగ్గర టేపు చుట్టండి. ముందు పట్టీ చివర రంధ్రాలు చేసి, అందులో ఇత్తడి బిళ్లలు పెట్టి, పట్టీని కాలికి ఆనించి ఒక్క దెబ్బ కొడితే కాలి మీద కచ్చితమైన గుర్తు పడుతుంది. ఆ గుర్తు మీద 3 మి.మీ. బిట్‌తో చిన్న గుంట చేసి తర్వాత పెద్దది దించండి. డ్రిల్ నిటారుగా ఉందో లేదో పక్కన మూలమట్టం నిలబెట్టి చూసుకోండి.

## 7. ఫ్రేమ్ బిగించడం

జిగురు లేకుండా ఒకసారి మొత్తం కూర్చండి. తప్పు కనిపిస్తే ఇప్పుడే దిద్దుకోవచ్చు.

తర్వాత జిగురుతో: ముందు పొడవు వైపులు రెండూ విడివిడిగా (కాలు, పట్టీ, కాలు). అవి ఆరాక వెనక అడ్డపట్టీ, ముందు బద్దలు పెట్టి రెండు వైపులనీ కలపండి. అన్నీ ఒకేసారి బిగించాలని చూస్తే చేతులు చాలవు, ఈలోగా ఫెవికాల్ పట్టేస్తుంది.

క్లాంపులు బిగించగానే మూల నుంచి మూలకి కొలవండి. బయటి కొలత దాదాపు 930 రావాలి. ఆ అంకె కంటే ముఖ్యం రెండు మూలల కొలతలూ సమానంగా ఉండటం. ఒకటి ఎక్కువ వస్తే క్లాంపుని ఆ పొడవైన మూలల వైపుకి కొంచెం వాల్చి బిగించండి, మళ్లీ కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చేదాకా వదలకండి. సొరుగు రేపు సాఫీగా నడుస్తుందా లేదా అనేది ఈ పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆరబెట్టేటప్పుడు చదునైన నేల మీద నాలుగు కాళ్ల మీదా నిలబెట్టండి.

## 8. ఇప్పుడు సొరుగు

ఫ్రేమ్ లోపలి వెడల్పు మూడు చోట్ల కొలిచి రాసుకోండి: ముందు కాళ్ల మధ్య, లోపలికి 200 దగ్గర, 450 దగ్గర. అన్నిటికంటే చిన్న కొలత తీసుకుని అందులోంచి 26 తీసేయండి. అదే సొరుగు పెట్టె బయటి వెడల్పు. ఒక్కో పక్క చానల్ మందం అర అంగుళం, అంటే 12.7. మిగిలిన కొద్దిపాటి సందు కదలడానికి. అయినా మీ చేతిలో ఉన్న చానల్‌ని ఒకసారి కొలవండి.

ఫ్రేమ్ సరిగ్గా 340 వస్తే పెట్టె 314:

- పక్క పలకలు: 450 × 60, 12 మి.మీ. ప్లై, రెండు
- ముందు, వెనక: 290 × 60, 12 మి.మీ. ప్లై, రెండు
- అడుగు: 448 × 312, 6 మి.మీ. ప్లై

పెట్టె ఒక మిల్లీమీటరు చిన్నదైతే సర్దుకోవచ్చు, పెద్దదైతే సర్దుకోలేం. అనుమానం వస్తే చిన్నగానే కోయండి.

పక్క పలకల మధ్యలోకి ముందు, వెనక ముక్కలు వచ్చేలా ఫెవికాల్, 32 మి.మీ. స్క్రూలతో బిగించండి. ప్లై అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విడిపోతాయి, ముందు సన్నటి రంధ్రం తప్పనిసరి. అడుగు పలకని మూలలు సరిచూసుకున్నాక కిందినుంచి జిగురు, చిన్న స్క్రూలతో బిగిస్తే పెట్టె ఇక కదలదు.

## 9. చానల్ బిగించడం

చానల్ పూర్తిగా లాగితే లోపల నల్లటి ప్లాస్టిక్ నాలిక కనిపిస్తుంది. దాన్ని నొక్కితే రెండు భాగాలు విడిపోతాయి. సన్నటి భాగం పెట్టెకి, పెద్దది ఫ్రేమ్‌కి.

పెట్టె పక్క పలక మధ్యలో, పై అంచు నుంచి 30 దగ్గర గీత. ఫ్రేమ్ లోపల కాలి తల నుంచి 58 దగ్గర గీత, కాలి మీద మొదలుపెట్టి పట్టీ మీదుగా 450 దాకా, రెండు వైపులా. ఈ గీత స్కేలుతో కాదు, 58 వెడల్పున్న చెక్క ముక్క ఒకటి కోసుకుని దాన్ని ఆనించి గీయండి. రెండు వైపులా ఒకే ముక్క వాడితే రెండు గీతలూ ఒకే ఎత్తులో వస్తాయి.

ఫ్రేమ్ చానల్ ముందు చివర కాలి ముందు ముఖం నుంచి 21 లోపలికి. పెట్టె చానల్ పెట్టె ముందు అంచుతో సమానం. మొదట పొడుగు రంధ్రాల్లోనే స్క్రూలు వేసి సొరుగు పెట్టి చూడండి, సరిగ్గా నడిచాకే గుండ్రటి రంధ్రాల్లో వేయండి. పెట్టె ప్లైకి 12 మి.మీ. స్క్రూలే వాడండి, పెద్దవి లోపలికి పొడుచుకొస్తాయి.

వదులుగా ఊగుతుంటే చానల్ వెనక పాత పెళ్లి శుభలేఖ ముక్క ఒకటి కోసి పెట్టండి, చాలకపోతే రెండు. నేను మూడు దాకా పెట్టిన సందర్భం ఉంది, ఇప్పటికీ కదల్లేదు.

## 10. ముందు పలక

ఈ పలక రెండు కాళ్ల మధ్య 2 మి.మీ. సందుతో కూర్చుంటుంది: 336 × 118 × 20. చెక్క నార అడ్డంగా, అంటే 336 వైపు పొడవునా ఉండాలి. చెక్క నార పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కాబట్టి వానాకాలంలో కాళ్లకి తగలదు.

పెట్టె ముందు డబుల్ సైడ్ టేపు వేసి, సందుల్లో సన్నటి అట్టముక్కలు పెట్టి పలకని నొక్కండి. నెమ్మదిగా లాగి, లోపలి నుంచి 25 మి.మీ. స్క్రూలు నాలుగు బిగించండి. పిడి ఆఖర్న.

## 11. పై పలకని వదులుగా పట్టించడం

వినడానికి వింతగా ఉన్నా మాట అదే. ఇంకో టీపాయ్‌కి నేను పై పలకని పట్టీలకి ఫెవికాల్ పెట్టి గట్టిగా స్క్రూలు బిగించాను. ఆగస్టులో చేశాను, మే నెలకి మధ్య అతుకు పక్కన గోరు దూరేంత పగులు. హైదరాబాద్‌లో వానాకాలం గాలికీ ఏప్రిల్, మే గాలికీ తేమలో చాలా తేడా, 500 వెడల్పున్న పలక ఆ తేడాకి రెండు మూడు మిల్లీమీటర్లు సులువుగా పెరిగి తగ్గుతుంది. కదలనివ్వకపోతే పగులుతుంది.

సన్నబద్దల్ని పట్టీల లోపలి పై అంచుకి జిగురు, స్క్రూలతో బిగించండి. పొడవు వైపు బద్దల్లో పలక స్క్రూల కోసం పైకి రంధ్రాలు చేసేటప్పుడు 5 మి.మీ. బిట్‌తో పక్కపక్కనే రెండు చేసి కలిపేయండి, టీపాయ్ వెడల్పు దిశలో పొడుగ్గా ఉండాలి. ముందు బద్ద మధ్యలో, వెనక బద్ద మధ్యలో మాత్రం మామూలు గుండ్రటి రంధ్రాలు, పలక మధ్య గీత అక్కడ స్థిరంగా ఉంటుంది. 32 మి.మీ. స్క్రూ, వాషర్, ఫెవికాల్ లేదు. వాషర్ తగిలాక పావు చుట్టు చాలు.

## 12. పాలిష్

120, 180, 240. వరస దాటకండి, 80 నుంచి నేరుగా 240కి వెళితే గీతలు పాలిష్ కింద స్పష్టంగా కనిపిస్తాయి. ఎప్పుడూ నార వెంట రుద్దాలి.

వేడి కప్పులు, చల్లటి గ్లాసులు పెట్టే బల్ల కాబట్టి లక్క పాలిష్ వద్దు, వేడికి తెల్లటి వలయాలు పడతాయి. పాలీయురెథేన్ మూడు పూతలు వేయండి. మొదటిది డబ్బా మీద చెప్పిన మేరకు పలచన చేసి, పూతకీ పూతకీ మధ్య 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి. వాన పడుతున్న రోజు వేయకండి. బాల్కనీలో తలుపులు తీసి, దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి లేకుండా చూసుకోండి. నూనె, పాలిష్ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, విప్పి ఆరబెట్టండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

పలక అడుగు భాగానికీ అన్నే పూతలు. పైన మాత్రమే వేస్తే కింది వైపు తేమ పీల్చి పలక వంగుతుంది.

## 13. తేడా వస్తే

- సొరుగు చివర్లో బిగుస్తోంది: ఫ్రేమ్ లోపలికి సన్నబడింది. వెనక చివర చానల్ విప్పి, చానల్ కూర్చునే మేర పట్టీని చిత్రికతో పలచగా తీయండి
- లాగితే ఒక పక్క ముందు వస్తోంది: రెండు చానళ్లూ ముందు నుంచి ఒకే దూరంలో లేవు. 21 మళ్లీ కొలవండి
- ముందు పలక వాలినట్టుంది: పెట్టె చానల్ పొడుగు రంధ్రాల స్క్రూలు వదులు చేసి ఆ పక్కని ఎత్తండి
- టీపాయ్ ఊగుతోంది: చదునైన గచ్చు మీద పెట్టి పొట్టి కాలు ఏదో కనిపెట్టండి, దాని కింద అట్ట పెట్టి ఊగకుండా చేసి, ఆ అట్ట మందం మేర మిగతా మూడు కాళ్లకీ గీత గీసి రుద్దండి
- డోవెల్ వదులు: రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరితే పట్టదు. రంధ్రం పెద్దది చేసి పెద్ద డోవెల్ వేయండి

ఆఖరి పూత పడ్డాక వారం రోజులు దాని మీద ఏమీ పెట్టకండి, పేపర్ కూడా. మొదటి వానాకాలంలో ఒకసారి సొరుగు పై సందు చూడండి. పలక ఉబ్బి పైన రాసుకుంటుంటే వెంటనే చిత్రిక తీయకుండా నవంబరు దాకా ఆగండి, అప్పటికీ తగులుతుంటే 120 నంబరుతో పై అంచు కొంచెం రుద్ది, ఆ అంచుకి మళ్లీ ఒక పూత వేయండి.